నీ ఇష్టం అన్నందుకు

మా మేనత్త పోయింది. మా ఊరు కప్పగల్లు నుంచి తమ్ముడు ఫోన్ చేసి చెప్పినప్పుడు గాంధీనగర్‌లో మా ఇంట్లో బియ్యం కడుగుతున్నాను. గిన్నె పక్కన పెట్టి కూర్చుండిపోయాను. ఏడుపు రాలేదు, నీరసం వచ్చింది. నాతో "నీ ఇష్టం" అని మనసారా అనే మనిషి ఇక లేదు.

ఆ మాట మీ ఇళ్ళలోనూ వినే ఉంటారు. పెద్దలు మొహం పక్కకు తిప్పుకుని "నీ ఇష్టం" అన్నారంటే చెయ్యొద్దని అర్థం. చేస్తే మాకు సంబంధం లేదని అర్థం. మా అత్తకు ఆ సంగతి తెలియదో, తెలిసీ తెలియనట్టు ఉండేదో, ఇప్పటికీ చెప్పలేను.

ఇనుప గనుల జోరు మొదలయ్యాక రోడ్డు పక్క పొలాలన్నీ ఖనిజం పోసుకునే యార్డులయ్యాయి. అత్తను కూడా పొలం యార్డుకు ఇచ్చేయమని ఆమె తమ్ముడు, అంటే మా నాన్న, చెప్పీ చెప్పీ విసిగిపోయి చివరికి "నీ ఇష్టమక్కా" అన్నాడు.

"నా ఇష్టమే అంటాండావు గదప్పా, అయితే ఈ యేడూ పత్తే పెడతా" అంది అత్త.

ఆ పూట నుంచి నాన్న ఆమె గడప తొక్కలేదు.

పత్తి ఎర్రగా విచ్చుకుంది. అంతా యార్డుల దుమ్ము. మార్కెట్లో ఎవరూ సరిగా అడగలేదు. ఆమె నెగ్గిందని నేను చెప్పను. ఒకసారి వెళ్ళేసరికి గట్టు మీద కూర్చుని విసుగ్గా దూది దులుపుతోంది. ఎందుకత్తా ఇదంతా అన్నాను.

"మనిష్టంగా చేసినాక తిట్టుకునేదానికి ఇంకో మనిషి ఉండడు పాపా. అదే అలుపు."

పక్క పొలాల వాళ్ళు మాత్రం ఇష్టపడి ఇచ్చారా, అందరూ ఇచ్చారని ఇచ్చారా అని అడిగింది. నాన్న సంగతెత్తితే మళ్ళీ దూది దులపడంలో పడింది.

లారీలున్న ఇంటి పెళ్ళి సంబంధం నాకొద్దనిపించినప్పుడు ఆమె దగ్గరికే పరిగెత్తాను. నీ ఇష్టం అని, మజ్జిగ చేతికిచ్చి, పొలానికి వెళ్ళిపోయింది. ఆవేళ ఒళ్ళు మండింది. నన్ను నాకే అప్పజెప్పిందని చాలా రోజులకు గానీ తెలియలేదు.

ఆమె పోయిన రోజు నాన్న వచ్చాడు. నేల మీద చతికిలబడ్డాడు. పొలంలో పెడదామా, శ్మశానానికి తీసుకుపోదామా అని ఎవరో అడిగారు. ఆయన అందరి మొహాలూ చూశాడు.

"అక్కకు యాడ ఇష్టమో మీకెవురికన్నా చెప్పిందా?"

బయట లారీలు పోతూనే ఉన్నాయి. నాన్న భుజం మీది తువ్వాలు తీసి, అక్క మొహం మీద వాలుతున్న దుమ్మును తుడుస్తూ కూర్చున్నాడు.