ఎల్లయ్య పడుగు దగ్గర ఆగే బస్సు

మా పెద్దక్క నర్సవ్వ షోలాపూర్‌లో ఉంటుంది. పెళ్ళయిన ఏడాదే మా బావ మగ్గం పని వెతుక్కుంటూ అక్కడికి వెళ్ళాడు, అక్కా వెళ్ళింది, ఇక అక్కడిదే అయిపోయింది. నేను సిద్దిపేట దగ్గర మా ఊళ్ళో నేసుకుంటూ ఉండిపోయాను. బావ ఇప్పుడు లేడు. అక్కకు కుడి మోకాలు వంగదు. చాలా ఏళ్ళ కింద మగ్గం గుంటలోకి దిగుతూ జారిపడింది. ఎముక అతుక్కుంది గానీ మడత పోయింది. కాలు కర్రలా చాపుకునే కూర్చోవాలి. ఆటోలో ఆ కాలు పట్టదు, టాంగా ఎత్తు ఎక్కలేదు. పోయినేడు ఒక పెళ్ళికి చుట్టాలు ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి మోసుకుపోయారట. వీధి పొడవునా పిల్లలు కేకలు వేస్తూ వెంటపడ్డారట. ఇంటికి వచ్చాక అక్క ఒకే మాట అన్నదట: "బతికుండంగనే నలుగురి భుజాలెక్కిన. ఇంకోపారి ఎక్కితే అది ఆఖరిది కావాలె." ఆ తర్వాత ఎవరు పిలిచినా గడప దాటలేదు.

అటువంటి అక్క మొన్న మాఘమాసంలో మా ఊరివాడితో కబురు పంపింది. ఆమె బిడ్డ పద్మ కుంఠా నాకా దగ్గర ఉంటుంది. పద్మ కూతురు పురిటికి వచ్చి ఆడపిల్లను కన్నది. శుక్రవారం తొట్టెల. ఇంట్లో పెద్ద ఆడమనిషి పిల్లను తొట్టెలలో వేసి చెవిలో పేరు చెప్పడం మా వాళ్ళ ఆచారం. "నేనే వేస్త. నా కాళ్ళ మీదనే పోత, బస్సుల పోత. ఒచ్చి చూడుమను మా తమ్మున్ని" అని ఆ కబురు. సంతోషం కంటే నాకు భయమే ఎక్కువ కలిగింది. ఈసారి కూడా పోలేకపోతే అక్క ఇక ఎప్పటికీ బయటికి రాదని తెలుసు. అందుకే బయలుదేరాను.

సిద్దిపేట నుంచి పొద్దున బస్సులో హైదరాబాదు చేరి, సాయంత్రం బొంబాయి వైపు పోయే రైలు ఎక్కాలి. రెండో తరగతికి నలభై రూపాయల లోపే అయింది. తెల్లవారకముందే షోలాపూర్‌లో దింపుతుంది, అందుకని పక్కవాడికి చెప్పి పడుకోండి. స్టేషను బయట చాయ్ బాగుంటుంది. టాంగా అతను కొంతం చౌక్‌కు ఐదు రూపాయలన్నాడు. బేరం చేయడం నాకు రాదు, ఎక్కాను. నా మాట విని అతనే తెలుగులో మొదలుపెట్టాడు.

"తెలంగాణ నుంచేనా తాతా?"

"అవునయ్యా. నీకు తెలుగెట్లా వచ్చు?"

"ఈడ సగం ఊరు తెలుగే మాట్లాడ్తది. నా గుర్రంకు గూడ ఒస్తది, చూడు," అని "ఆగవే" అన్నాడు. గుర్రం నిజంగానే ఆగింది. అప్పటికి కొంతం చౌక్ వచ్చేసింది. "లోపలికి రాను తాతా. రస్తా మీద పడుగులున్నయి. గుర్రం కాలు పడ్డదనుకో, దాని తోలు గాదు, నా తోలు తీస్తరు."

చౌక్‌లో సిటీ బస్సు స్టాపు ఉంది. దాని తర్వాతి స్టాపు మా వాళ్ళ వాడ దాటి, అవతలి కొసన ఉంది. అక్క ఇల్లు ఈ రెంటికీ నట్టనడుమ. సంచి భుజాన వేసుకుని నడిస్తే నాకు పెద్ద దూరం అనిపించలేదు. కాళ్ళు వంగేవాడికి అది బీడీ కాలేంత దూరం. అక్కకైతే అది పొరుగూరు. దారిలో లోపలి ఇళ్ళ నుంచి పవర్‌లూముల చప్పుడు. అరుగుల మీద ఆడవాళ్ళు ఒళ్ళో చేటలు పెట్టుకుని బీడీలు చుడుతున్నారు. చేతిమగ్గాలు ఇంకా వదలని కొన్ని ఇళ్ళవాళ్ళు మాత్రం పొద్దున్నే పడుగులు, అంటే మగ్గానికి ఎక్కించే నిలువు పోగుల వరసలు, వీధిలోకి తెచ్చి, రెండు కొసలా కత్తెర కర్రలకు బిగించి, గంజి పట్టించి కుంచెలతో దువ్వుతున్నారు. మా ఊళ్ళో ఈ పని వీధిలో చూసి చాలా కాలమైంది. నా చేతులు దురద పెట్టాయి.

అక్క అప్పటికే తయారై ఉంది. ఆకుపచ్చ చీర, చేతికర్ర, ఒళ్ళో తొట్టెలకు కట్టే కొత్త చీర మూట. "పదిన్నరకు రాహుకాలం. ఆలోపట పిల్లను ఎయ్యాలె," అంది నన్ను చూడగానే. ఎలా ఉన్నావని కూడా అడగలేదు. బస్సు తొమ్మిదిన్నరకట. "స్టాపు దాకా ఎట్లా అక్కా?" అన్నాను. "స్టాపే నా తానకు ఒస్తది. నువ్వు చాయ్ తాగు," అంది. అంతకంటే అడగడం నాకు చేతకాలేదు. చాయ్ తాగి, పడుగు చూద్దామని వీధిలోకి వచ్చాను.

అక్క ఇంటి పక్క ఇల్లు ఎల్లయ్యది. అక్కను వదినె అంటాడు గనుక నాకు బావ వరస. ఎనిమిది మంది అతని పడుగు దువ్వుతున్నారు. నల్ల పోగులు, ఎర్ర అంచు, తడి మీద నిగనిగలాడుతోంది. ఎందుకో దాని ఒక కొస మాత్రం రోడ్డు మధ్యకు ఉంది. చౌక్ వైపు నుంచి బస్సు హారను వినిపించింది. తడి పడుగు, ఎదురుగా బస్సు. ఇంకేం ఆలోచించలేదు. పంచె ఎగకట్టి ఆ కొస కత్తెర కర్ర పట్టుకుని పైకి లేపాను. మా పనిలో ఒక కొస లేచిందంటే మిగతావాళ్ళు అడగకుండా లేపాల్సిందే, లేకపోతే పడుగు వంకర పోయి పోగులు తెగుతాయి. ఎనిమిది మందీ ఎత్తారు. అందరం కలిసి ఒక్క పోగు తెగకుండా గోడ పక్కకు చేర్చాం. ఎంత బాగా వచ్చిందో! బస్సు మా పక్కనుంచి సాఫీగా వెళ్ళిపోయింది.

వెనక్కి తిరిగి చూస్తే ఎల్లయ్య అరుగు మీద అక్క నిలబడి ఉంది. మూట చంకలో ఉంది. ఎదురింటి అరుగు మీద బీడీలు చుట్టే సత్తెమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఓ బావా!" అన్నాడు ఎల్లయ్య. "నీకు పనితనం ఎక్కువైంది! ఎవడు లేపుమన్నడు? గది బస్సును ఆపేటందుకే పెట్టిన పడుగు!"

అప్పుడు చెప్పారు. బస్సు మెట్టు ఎత్తు. అక్క కాలు అంత ఎత్తు లేవదు. ఈ పక్క వరసలో ఎల్లయ్య అరుగొక్కటే బస్సు మెట్టుకు సరిసమానం, దానికున్న చిన్న చిన్న మెట్లు అక్క ఎక్కగలదు. పడుగు కొస రోడ్డు మధ్యన ఉంటే బస్సు పక్కకు జరిగి సరిగ్గా ఆ అరుగును ఆనుకుని ఆగాలి. అక్క అరుగు మీది నుంచి నేరుగా లోపలికి అడుగు వేయాలి. నాలుగు రోజులుగా డ్రైవరుతో మాట్లాడుకుని, ఖాళీ బస్సుతో ఒకసారి సరి చూసుకున్నారట. పడుగు అడ్డం ఉంటే అక్క వస్తున్నట్టు, లేపి ఉంటే రానట్టు గుర్తు. ఆ గుర్తును నేనే నా చేతులతో పక్కకు పెట్టాను. తర్వాతి బస్సు రాహుకాలంలో.

అక్క నన్ను చూసి, "ఏం తమ్మీ, గంత దూరంకెంచి ఒచ్చింది నన్ను ఈడనే ఉంచుదామనా?" అంది. నవ్వుతూనే అంది గానీ మూటను గట్టిగా పట్టుకుంది.

సత్తెమ్మ మాత్రం కూర్చోలేదు. చేట పక్కన పెట్టి, నడుం మీద చెయ్యి వేసి, "ఓ లచ్చవ్వా, బస్సును ఆపుండ్రే! ఆజీ మిగిలింది!" అని ఒక కేక పెట్టింది. అవ్వను అక్కడ ఆజీ అంటారు. అవతలి అరుగు అందుకుంది, ఆ అవతలిది అందుకుంది. బీడీలు చుట్టేవాళ్ళ గొంతులు అరుగు నుంచి అరుగుకు పోతుంటే, ఆ వేగం ఏ బస్సుకూ లేదు. పైగా వీధి కొసన నూలు బేళ్ళ లారీ ఒకటి తిరగలేక అడ్డం పడి ఉంది. దాని చుట్టూ తోపుడు బళ్ళు, సైకిళ్ళు. గర్దీ అంటారు అక్కడ. రోజూ తిట్టుకునే ఆ గర్దీకి ఆ పూట నేను దండం పెట్టాను. బస్సు అక్కడే ఇరుక్కుపోయింది.

కండక్టరు చేతిలో టికెట్ల సంచితో నడిచివచ్చాడు. మరాఠీ మనిషి, తెలుగు బాగానే మాట్లాడతాడు. "పడుగు లేపిన్రు గదా, ఆజీ వస్తలేదనుకున్నం. ఎవరు లేపిన్రు?" అన్నాడు. ఎనిమిది మందీ నా వైపు చూశారు. నేను పడుగు వైపు చూశాను. అతను నవ్వి, వెనక్కి తిరిగి రెండు వేళ్ళు నోట్లో పెట్టుకుని ఈల వేశాడు. "మాగే ఘే!" వెనక్కి తీసుకో అని.

బస్సు వెనక్కి రావాలంటే దారిలో ఇంకో రెండు పడుగులున్నాయి, బస్సు పోయాక మళ్ళీ దించినవి. వాటిని ఆ ఇళ్ళవాళ్ళు ఎత్తి గోడలకు ఆనించారు, బస్సు దాటాక మళ్ళీ దించారు. కండక్టరు బస్సు ఒంటి మీద చరుస్తూ, "యేఊ ద్యా, యేఊ ద్యా, రానీ రానీ" అంటూ నడిచాడు. లోపలి నుంచి చేతిసంచి పట్టుకున్న ఒకాయన తల బయటికి పెట్టి, "ఏంది తమాషా? మాకు పనుల్లేవా? లేటయితది!" అన్నాడు.

"సాబ్, నీ మోకాళ్ళు రెండూ వంగుతయి గదా," అంది సత్తెమ్మ, "జరా దిగి నడువరాదు? లారీ కంటె నువ్వే ముందు పోతవు!"

బస్సంతా నవ్వింది. ఆయన కూడా తల లోపలికి లాక్కుని నవ్వాడు. ఈలోపు నేను కత్తెర కర్ర పట్టుకుని, ఎల్లయ్య చెప్పినచోట, చెప్పినంతే రోడ్డు మీదకు జరిపాను. ఈసారి అడిగే జరిపాను. బస్సు వెనకకు వచ్చి, కాస్త ముందుకు జరిగి, అరుగుకు చేతి సందు వదిలి ఆగింది. అక్క చేతికర్ర ముందు పెట్టింది. మంచి కాలు పెట్టింది. వంగని కాలును వెంట లాక్కుంది. అంతే, లోపలుంది. ఎవరి చెయ్యీ పట్టుకోలేదు. తలుపు పక్కనున్న పొడుగాటి సీటులో కాలు చాపుకుని కూర్చుని, "పోనియ్యి బిడ్డా," అంది డ్రైవరుతో.

టికెట్టు డెబ్బై ఐదు పైసలు. లారీ తిరిగేదాకా ఆగాం. అక్క కిటికీలోంచి చూస్తూ, ఈ మిల్లు గోడకు రంగు ఎప్పుడు వేశారని, ఆ దుకాణం ఎటు పోయిందని నన్ను అడిగింది, నాకేదో తెలిసినట్టు. కుంఠా నాకా దగ్గర స్టాపుకు ముందే పద్మ ఇంటి సందు వస్తుంది. అక్కడ పద్మ మొగుడు, అక్క అల్లుడు, నూలు మోసే తోపుడు బండి రోడ్డు పక్కన ఆనించి, చక్రాలకు రాళ్ళు పెట్టి సిద్ధంగా ఉన్నాడు. డ్రైవరు బస్సును దాని పక్కనే ఆపాడు. అక్క బస్సులోంచి బండి మీదికి, బండి మీద నుంచి వాలుగా వేసిన పలక మీదుగా నేలకు దిగింది. గడియారం చూశాను. పదిన్నరకు ఇంకా కాస్త ఉంది. పద్మ ఇంట్లో పవర్‌లూములు ఆపేశారు. ఆ నిశ్శబ్దంలో అక్క పిల్లను తొట్టెలలో వేసి, వంగలేక, పిల్లనే చెవి దాకా ఎత్తించుకుని పేరు చెప్పింది. గౌరి. పిల్ల ఆవలించింది.

భోజనంలో పోళెలు, పప్పు, పల్లీల పొడి. ఆ పొడిని వాళ్ళు షేంగా చట్నీ అంటారు. పద్మ మళ్ళీ మళ్ళీ వడ్డిస్తుంటే, "చాలమ్మా" అన్నాను. "పడుగు లేపిన చేతులు మామా, బలం కావాలె," అంది. కబురు మాకంటే ముందే చేరింది.

చీకటి పడకముందే తిరుగు బస్సు ఎక్కాలి. పొద్దుటి డ్రైవరే వస్తాడన్నారు. ఇంటికి వెళ్ళాక దిగడానికి సత్తెమ్మ అరుగుంది, తిరిగొచ్చే బస్సు తలుపు ఆ పక్కకే వస్తుంది, అదీ సరిపడా ఎత్తే. ఇక్కడ ఎక్కడానికి అల్లుడు తోపుడు బండిని రోడ్డు అవతలికి మార్చాడు. కానీ స్టాపు ఇక్కడ కాదు, ఆపడానికి సాయంత్రం వీధిలో ఏ పడుగూ ఉండదు. బస్సు వంపు తిరిగి కనిపించింది. వేగంగానే వస్తోంది. నేను జీవితంలో ఏ బస్సునూ చెయ్యెత్తి ఆపినవాణ్ణి కాను. ఎవరైనా ఆపితే వెనకాల ఎక్కుతాను. నా చంకలో పద్మ పెట్టిన కొత్త షోలాపూర్ దుప్పటి ఉంది. మడత విప్పి, ఒక అంచు అల్లుడి చేతికిచ్చాను. రెండో అంచు పట్టుకుని రోడ్డు మధ్యకు నడిచాను. బిగించి పట్టుకున్నాం, పడుగులాగే.

బస్సు ఆగింది. డ్రైవరు తల బయటికి పెట్టి, దుప్పటి చూశాడు, నన్ను చూశాడు. "బాబా, ఇది లేపొద్దు!" అన్నాడు.

"లేపను," అన్నాను. గట్టిగానే అన్నాను. తోపుడు బండి మీద నిలబడ్డ అక్క చిన్నప్పుడు మా ఊరి బావి దగ్గర నవ్వినట్టు నవ్వింది. ఆమె లోపల కూర్చునేదాకా నేను అంచు వదల్లేదు.

రైల్లో తిరిగి వస్తూ ఆలోచించాను. స్టాపులు పెట్టినవాళ్ళు రోడ్డును కొలిచి పెట్టి ఉంటారు, అది వాళ్ళ పని. బస్సు ప్రతి గుమ్మం ముందూ ఆగితే ఎవరూ ఎక్కడికీ చేరరు, అదీ నిజమే. కానీ ఆ వాడవాళ్ళు రోడ్డును కాదు, ఒక మనిషి కాలును కొలిచారు. ఒక అరుగు ఎత్తు, ఒక మెట్టు ఎత్తు, మధ్యన చేతి సందు. కొత్తది ఏదీ కట్టలేదు. అక్క ఇప్పుడు వచ్చే నెల చుట్టాల పెళ్ళికి కూడా పోతానంటోందట.

షోలాపూర్ వెళ్ళేవారికి ఒక్క మాట. నడవలేని పెద్దవాళ్ళు వెంట ఉంటే వాడలోకి పొద్దున తొమ్మిదికల్లా చేరండి, ఎత్తు అరుగు ఎవరిదో, బస్సు ఎటు పక్క ఆగుతుందో ముందే అడిగి పెట్టుకోండి. రోడ్డుకు అడ్డంగా పడుగు కనిపిస్తే, మీరు ఎంత పనిమంతులైనా సరే, అడగకుండా లేపకండి. దాని వెనక ఎవరో నెమ్మదిగా బయలుదేరి వస్తూ ఉండవచ్చు.