టెస్టింగ్ పాట

మా సిరొంచ చుట్టుపక్కల ఊళ్లలో శుభలేఖ చూసి పెళ్లి కుదిరిందని ఎవరూ నమ్మరు. శుభలేఖలు పంచాక ఆగిపోయిన పెళ్లిళ్లు మా వాళ్లు చాలానే చూశారు. నా మైక్‌సెట్ మోగితే మాత్రం నమ్ముతారు. ఒప్పుకున్న ఇంటికి నేను ముందే ఒకసారి వెళ్తాను. కరెంటు ఎక్కడినుంచి లాగాలో, హారన్ ఏ గుంజకు కట్టాలో చూసుకుని, ఒక పాట వేసి సౌండు కొలుచుకుంటాను. ఆ పాటే నా మాట. నేను కాగితం రాయను, రాయించుకోను. పాట మోగిందంటే ఆ తారీఖుకు నేను ఆ ఇంటివాణ్ణి.

ముప్పై ఏళ్లుగా అది ఒకటే పాట. ఇంగ్లీషు పాట. ముందు ఒక్క గిటారు తాపీగా నడుస్తుంది, తర్వాత డ్రమ్ములు కలుస్తాయి, చివరికి అందరూ ఒక్కసారిగా మీద పడతారు. సన్న సౌండు, లావు సౌండు అన్నీ అందులోనే తేలిపోతాయి. జనం దానికి టెస్టింగ్ పాట అని పేరు పెట్టారు. ఇంగ్లీషు ముక్క రాని ముసలమ్మలు కూడా రోట్లో పసుపు దంచుతూ దాని మొదలు కూనిరాగం తీస్తారు. ఆ పాట ఇంగ్లండులో ఒక పెద్ద బ్యాండుదనీ, దాని కోసం దేశదేశాల జనం పిచ్చెక్కిపోతారనీ వాళ్లకు తెలియదు. చాలాకాలం నాకూ తెలియదు.

నాకు పంతొమ్మిదేళ్లప్పుడు ప్రాణహిత ఒడ్డున సర్వే చేయడానికొచ్చిన ఒక ఇంజనీరు మా ఇంటి ముందుగదిలో అద్దెకు ఉండేవాడు. బదిలీ అయి వెళ్తూ కొన్ని క్యాసెట్లు వదిలేశాడు. ఒకటి తప్ప అన్నీ టేపు చుట్టుకుపోయి పాడయ్యాయి. మిగిలింది ఎర్ర క్యాసెట్. దాని మీద పేరు లేదు, ఊరు లేదు. అప్పుడే మా అక్కకు కొత్తగా పెళ్లయింది. బావది ఇంద్రావతి ఒడ్డున పాతగూడెం, వరి పండించుకునే ఇల్లు. బావ పండక్కి వచ్చి ఆ క్యాసెట్ ఒకసారి విని ఇంకోసారి వెయ్యమన్నాడు. అది విన్నాక ఇంకోసారి. టేపురికార్డర్‌లో సెల్లులు అయిపోతే వాటిని ఎండలో పెట్టి, పక్కనే గొంతుక్కూర్చుని కాపలా కాశాడు. కొత్తల్లుడు అన్నం మానేసి సెల్లులు ఎండబెడుతున్నాడని మా అమ్మ కంగారుపడింది.

పేర్లు తెలియవు గనక పాటలకు మేమే పేర్లు పెట్టుకున్నాం. ఒకటి వాన పాట, ఒకటి కోపం పాట, ఒకటి మేకపిల్ల పాట. బావ గిటారంతా నోటితోనే వాయించేవాడు. నాగలి పట్టినా అదే, నాటు వేసినా అదే. నేను మైక్‌సెట్ దుకాణం పెట్టిందే ఆ క్యాసెట్‌ను పెద్ద హారన్లో వినాలని. అక్క మాత్రం మమ్మల్ని చూసి, ఒక పిచ్చోడికి ఇంకో పిచ్చోడు జత అనేది.

బ్యాండు పేరు తెలిసింది మొన్నమొన్ననే. మా మేనకోడలు, బావ కూతురు, పుణెలో ఉద్యోగం చేస్తుంది. సెలవులకు వచ్చి తన ఫోను హారన్ ముందు పట్టుకుంది. ఫోను ఆ పాట విని నాలుగు క్షణాల్లో బ్యాండు పేరు చెప్పేసింది. ముప్పై ఏళ్లుగా మేము వెతకని చోటు లేదు, దానికి నాలుగు క్షణాలు పట్టింది. బావకు ఆ పేరు వారంరోజులు నచ్చలేదు. తర్వాత అలవాటైంది.

మేనకోడలే మమ్మల్ని ఫోనులో ఆ బ్యాండు అభిమానుల గుంపులో చేర్చింది. ఎక్కడెక్కడివాళ్లో ఉన్నారు. ఇంగ్లండులో ఒక రిటైరైన బస్సు డ్రైవరు నలభై ఏడుసార్లు వాళ్ల కచేరీ చూశాడట. నేను మా హారన్ల ఫోటో పెట్టి, ఇక్కడ ఈ పాట మోగితే పెళ్లి ఖాయమైనట్టు అని ఫోనుచేతనే ఇంగ్లీషు చేయించి రాశాను. రెండు రోజులు నా పోస్టు కింద జనం విరగబడ్డారు. ఎన్నిసార్లు చూశావు అని బస్సు డ్రైవరు అడిగాడు. ఒక్కసారీ లేదని రాయడానికి సిగ్గేసింది.

మాది మూడు నదుల మధ్య ఊరు. ప్రాణహిత, గోదావరి, ఇంద్రావతి. నా చిన్నతనంలో వానాకాలం వస్తే ఎటూ కదిలేది లేదు, పడవలు కట్టేసేవారు. ఇప్పుడు మూడింటి మీదా వంతెనలున్నాయి. వంతెనలు వచ్చాక నేను ఇంకా కదల్లేదు. అప్పుడైతే నది అడ్డమని చెప్పుకునేవాణ్ణి. ఇప్పుడు ఆ సాకు కూడా పోయింది. పెళ్లిళ్ల సీజను, గణపతి, దుర్గమ్మ, సభలు, మళ్లీ పెళ్లిళ్లు. ఊరందరి సంబరానికీ నేను ఉంటాను, హారన్ వెనకాల, వైర్ల మధ్య. ఇంతేనా అని చాలాసార్లు అనిపించింది.

దానికి తోడు చెవులు. ముప్పై ఏళ్లు హారన్ పక్కన నిలబడినందుకు కుడి చెవిలో కీచుమనే మోత మొదలై ఆగకుండా ఉండిపోయింది. ఎడమది సన్న సౌండ్లు వదిలేయడం మొదలుపెట్టింది. చంద్రపూర్‌లో చెవి డాక్టరు పరీక్ష చేసి, మిషన్ పెట్టుకున్నా మాటలు అందుతాయిగానీ పాట పాటలా అందదని, ఉన్న ఈ కాస్తా ఏడాదో రెండేళ్లో అని మరాఠీలో నెమ్మదిగా చెప్పాడు. ఈ సంగతి ఇక్కడివాళ్లలో ఒక్క బావకే చెప్పాను. మైక్‌సెట్ వాడికి చెవులు పోయాయంటే ఎవడు పిలుస్తాడు? అందుకే రెండేళ్లుగా మనుషుల ముఖాలు చూసి టెస్టింగ్ చేస్తున్నాను. వాకిట్లో ఆడవాళ్లు మొహం చిట్లిస్తే సన్న సౌండు తగ్గిస్తాను. దూరంగా ఉన్న మగవాళ్లు మెడ చాస్తే పెంచుతాను. ఇప్పటిదాకా ఎవరూ పసిగట్టలేదు.

అలాంటప్పుడు ఆ బ్యాండు ముంబయికి వస్తోందని తెలిసింది. ఎనభైకి దగ్గరపడ్డ మనుషులు, ఇదే ఆఖరు అని వాళ్లే చెప్పుకున్నారు. మేనకోడలు మా ఇద్దరికీ టికెట్లు తీసి ఫోనులో పంపుతానంది. నా చెవుల గురించి గుంపులో రాస్తే, భయపడకు, అక్కడ పాటను చెవితో వినం, ఛాతీతో వింటాం, నేల మీంచి కాళ్లలోకి ఎక్కుతుంది అని బస్సు డ్రైవరు జవాబిచ్చాడు. ఆ మాట పట్టుకుని, టికెట్లు చేతికొచ్చేదాకా నేను నాలుగు నెలలు బతికాను.

టికెట్లు వచ్చిన రోజు నేను పాతగూడెంలో, అక్క ఇంట్లోనే ఉన్నాను. చెడిపోయిన ఒక స్పీకర్ బాక్సు అక్కడే విప్పి బాగుచేస్తున్నాను. బావ ఫోను చూసి నన్ను గట్టిగా వాటేసుకున్నాడు. ఆ ఊపులో బాక్సు బిగించి, వాకిట్లో పెట్టి, పాటను పూర్తి సౌండుతో వేశాను. మొదటినుంచి చివరిదాకా. ఇద్దరం ముసలి వెధవలం వాకిట్లో గంతులేశాం. అక్క నవ్వీ నవ్వీ కూలబడింది.

మర్నాడు పొద్దున్నే వెనక వాడలోని ముసలాయన వచ్చాడు. తునికాకు, ఇప్పపువ్వు ఏరి బతికే గోండు కుటుంబం. ఆయన బిడ్డ పెళ్లి అప్పటికే రెండుసార్లు ఆగింది. ఒకసారి పిల్లవాడి ఇంట్లో చావు, ఒకసారి ఇంద్రావతి వచ్చి ఇంట్లో బియ్యమంతా తడిపేసింది. ఈసారి తారీఖు చెప్పి, మైక్‌సెట్ పెడతావా అని నెల కిందట నన్ను అడిగాడు. చూద్దాం అన్నాను. మా దగ్గర చూద్దాం అంటే ఏమీ కాదు. కాని పాట అంటే మాట, ఆ సీజనులో పాతగూడెంలో ఉన్న పెళ్లి ఆయనింటిదొక్కటే. ఇప్పుడాయన చేతిలో సంచెడు మొర్రిపండ్లు ఉన్నాయి.

"నిన్న పాట ఆడిపిచ్చినవ్ గద దాదా," అన్నాడు. "మా వాడలంత ఇన్నరు. గప్పుడే జింగనూర్ సుట్టాలకు కబురు పంపిన. రొండుసార్లు ఆగింది గద, ఈసారి పాట మోగేదాక ఎవ్వలకు సెప్పద్దని మా ఇంటిది మొండికేసింది."

ఆ తారీఖు, ముంబయి తారీఖు ఒకటే.

ఆ పాట నీకోసం కాదయ్యా అని చెప్పడానికి నోరు తెరిచాను. ఆయన వెనకాల గోడకానుకుని ఆయన భార్య నిలబడి ఉంది. చెయ్యి చాపి మొర్రిపండ్ల సంచి అందుకున్నాను. ముసలాయన మీద కోపం రాలేదని చెబితే అబద్ధం. చాలా వచ్చింది. ఊరిమీద, నా నోటిమీద, ఆ పాటమీద కూడా వచ్చింది. ముప్పై ఏళ్లు నేను కట్టిన పద్ధతే వచ్చి నా మెడకు చుట్టుకుంది. నేను తవ్విన గోతిలో నేనే పడ్డాను, ఇంకెవరిని తిట్టేది?

ఊరుకోలేదు. నాగేపల్లి వెళ్లి నాలాంటి మైక్‌సెట్ వాణ్ణి బతిమాలాను. ఆ ముహూర్తానికి అతనికి మూడు పెళ్లిళ్లున్నాయి. అహేరిలో అడిగాను, అక్కడా అంతే. చివరికి బావ అన్నాడు.

"నువ్వు పో బామ్మర్ది. నీ చెవులు పోతున్నయ్. నేనుండి సూసుకుంట."

బావ చూసుకోవడం నాకు తెలుసు. ఒకసారి వైరు తప్పు కలిపి రెండు హారన్లు కాల్చాడు. ఆ పెళ్లి మూగపోతే, మూడోసారి కూడా శకునం బాగాలేదని నలుగురూ నాలుగు మాటలంటారు. ఆ పిల్ల మొహం మళ్లీ నేను చూడగలనా? రెండు రాత్రులు ఆలోచించాను. బాగా ఆలోచించానని చెప్పుకుంటాను గానీ, ఆలోచించడానికి ఏమీ లేదని మొదటి రాత్రే తెలుసు.

"నువ్వే పో బావా," అన్నాను. "ఆ పాట మొదలైనప్పుడు ఫోన్ జెయ్యి. నేనీడికెళ్లి ఇంట."

బావ ఒప్పుకోవడానికి నాలుగు రోజులు పట్టింది. అక్క తిట్టి పంపింది. సిరొంచ బస్టాండులో బస్సు ఎక్కుతూ, చావుకు వెళ్తున్నవాడిలా మొహం పెట్టాడు. నన్ను చూడకుండా అవతలివైపు కిటికీ దగ్గర కూర్చున్నాడు.

పెళ్లి ముహూర్తం రాత్రికి. ఆ రోజు మధ్యాహ్నానికల్లా ముసలాయన వాకిట్లో హారన్లు కట్టి, బాక్సు పెట్టేశాను. పాతగూడెంలో సిగ్నల్ వంతెన వైపునుంచే వస్తుంది, అదీ కాస్త ఎత్తులో. అందుకని ఫోనును ఒక సంచిలో పెట్టి వెదురుబొంగు చివర కట్టి, దాన్ని పందిరి గుంజకు బిగించి, పొడుగు వైరుతో కింద ఆంప్లిఫయర్‌కు కలిపాను. ఇదేందని ముసలాయన అడిగితే, కొత్తరకం టెస్టింగ్ అని చెప్పాను. ఇంకేం చెప్పను?

సాయంత్రం పశువులు ఇళ్లకొచ్చే వేళకు ఫోను మోగింది. నేను బొంగు దించి, నొక్కి, మళ్లీ పైకెత్తాను. హారన్లలో ఒక్కసారిగా వేలమంది జనం. ఆ హోరు మటుకు నాకు తెలిసింది, చెయ్యి బాక్సు మీద ఉంది గనక. దాని మధ్యలోంచి బావ గొంతు.

"మనదే బామ్మర్ది. ఇగ మనదే వస్తది."

తర్వాత నాకేమీ అందలేదు. ఎడమ చెవిని హారన్ మూతికి ఆనించాను. గరగరమని ఒక ముద్ద సౌండు, అంతే. కుడిచెవి తన కీచు తాను పెడుతోంది. గిటారు మొదలైందో లేదో, అది మా పాటో వేరే పాటో, మధ్యలో సిగ్నల్ పోయిందో కూడా తెలియదు. ముప్పై ఏళ్లు ఎదురుచూసిన మనుషులు అక్కడెక్కడో నిజంగా నిలబడి వాయిస్తున్నారు. వాళ్లకూ నాకూ మధ్య ఒక్క వైరే ఉంది, అది నా తలలోకి ఎక్కడం లేదు. ఏడుపొచ్చింది, ఆపుకోలేదు.

అలవాటుగా వాకిట్లోకి చూశాను.

పసుపు దంచుతున్న ఆడవాళ్లలో ఒక ముసలమ్మ తల ఊగుతోంది, తాపీగా. ఆమె రోకలి ఆ ఊపుకు కలిసింది. పక్కనున్న ఇద్దరూ కలిపారు. గుంజలకు మామిడాకులు కడుతున్న జింగనూర్ చుట్టాలు చేతులాపి హారన్ వైపు చూశారు. పెళ్లిపిల్ల గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ముసలమ్మ పెదవులు కదిలాయి, అవి ఏ రాగానికి కదులుతాయో నాకు తెలుసు. గిటారు ఎక్కడుందో, డ్రమ్ములు ఎప్పుడు కలిశాయో, అందరూ ఎప్పుడు మీద పడ్డారో ఆ ముఖాల్లో, ఆ రోకళ్లలో చూశాను. మొదటినుంచి చివరిదాకా, ఒక్క ముక్క వదలకుండా.

చివర రోకళ్లు ఆగాయి. ముసలాయన గుంజల మధ్యలోంచి నా దగ్గరికొచ్చి, భుజం మీద చెయ్యేసి, నా ఎడమ చెవి దగ్గరికి వంగాడు. ఎడమ వైపుకే రావాలని ఆయనకెప్పుడు తెలిసిందో.

"టెస్టింగ్ మంచిగైంది దాదా," అన్నాడు. "ఇగ పాటలు పెట్టు."

ఫోను వైరు పీకేసి, పెళ్లి పాట పెట్టాను.