‘డై’ అన్న మాటకు అవ్వ జవాబు

నా చిన్నప్పుడు, శ్రావణమాసం మొదటి సోమవారం, సాయంత్రం సరిగ్గా ఆరు గంటలకు మా ఇంట్లో ఇంగ్లీషు మీద నిషేధం పడింది. వేళ ఇంత కచ్చితంగా ఎలా చెప్పగలనంటే, పక్క ఊరు మారతహళ్ళి అవతలి ఫ్యాక్టరీ కూత ఆరింటికి వినబడేది. ఆ కూత వినగానే మా అవ్వ దీపం వెలిగించేది. ఆ రోజు అవ్వ అగ్గిపుల్ల గీస్తూ ఉండగా, పక్కనే కూర్చున్న నేను గొంతెత్తి "డై, డైడ్, డైడ్" అన్నాను.

మా ఊరు కుందలహళ్ళి అప్పట్లో వేరు. ఇప్పుడు ఆఫీసులు, అద్దె గదులు, టిఫిన్ హోటళ్ళు ఉన్న చోట మా రాగిచేను ఉండేది. ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళం, గడప దాటితే కన్నడం. ఇంగ్లీషుతో మాకు పనిపడలేదు. ఊళ్ళో బడి నాలుగో తరగతి వరకే ఉండేది. నాలుగు పూర్తి చేసిన ఆడపిల్ల మరునాటి నుంచి ఆవుల కొట్టంలోకి వెళ్ళేది. నేనూ వెళ్ళాను. వేసవి నుంచి నేను పేడ ఎత్తుతుంటే చూడలేకపోయింది మా చిన్నత్త ఒక్కతే. ఆమె మా నాన్నకు చెల్లెలు. పట్నంలో బంధువుల ఇంట ఉండి హైస్కూలు దాకా చదివింది, ఆపైన చదివించేవాళ్ళు లేక ఇంటికి వచ్చేసింది. ఆ కోపం ఆమెకు ఎప్పుడూ తగ్గలేదు.

చిన్నత్త దండులోని ఒక ఆడపిల్లల బడి చుట్టూ తిరిగింది. కంటోన్మెంటును మావాళ్ళు దండు అనేవాళ్ళు. అక్కడ ఎవరో ఉద్యోగికి బదిలీ అయి కూతుర్ని వెంట తీసుకుపోవడంతో ఐదో తరగతిలో ఒక చోటు ఖాళీ అయింది. బడి పెద్ద టీచరమ్మ ఒకే షరతు పెట్టింది. శుక్రవారం పిల్లను తీసుకురావాలి. ఇంగ్లీషు క్రియలు అడుగుతుంది. ఒక్కొక్కదానికి మూడు రూపాలూ తప్పు లేకుండా చెబితే సీటు ఇస్తుంది. చెప్పలేకపోతే వచ్చే ఏడు చూద్దామంటుంది. వచ్చే ఏడు అంటే నాకు ఆవుల కొట్టమే. అది చిన్నత్తకు తెలుసు, నాకూ తెలుసు.

అందుకే సోమవారం నుంచే చదువు మొదలైంది, సోమవారమే ఆగిపోయింది.

"ఏమే పాపా, దీపం పెట్టే పొద్దులో ఏమది, డై డై అని కూస్తా ఉండావు?" అంది అవ్వ.

నేను చిన్నత్త వైపు చూశాను. చిన్నత్తకు అబద్ధం ఆడటం చేతకాదు. ఆ ఒక్క గుణం మా ఇంట్లో ఎన్ని గొడవలు తెచ్చిందో నేను లెక్క చెప్పలేను.

"చచ్చేదమ్మా," అంది చిన్నత్త.

అగ్గిపుల్ల వేలి దాకా కాలింది. అవ్వ చెయ్యి విదిలించి, "లోపల మూడు వారాలుగా మనిషి జ్వరంతో పండుకోని ఉండాడు. నా దీపం ముందర పసిదానితో చావును చదివిస్తా ఉండావా? నీ ఇంగిలీషు నోట్లో మన్ను పడ!" అంది.

లోపల పడుకున్నది మా తాతయ్య.

అవ్వ పట్టింపులు నేను వివరించాలి, లేకపోతే ఆమె మొండితనం అర్థం కాదు. మా ఇంట్లో బియ్యం అయిపోయేవి కావు, నిండుకునేవి. దీపం ఆరేది కాదు, కొండెక్కేది. మంగళసూత్రం తాడు తెగితే పెరిగింది అనాలి. ఇల్లు వదిలి పక్కవీధికి వెళ్ళేవాడు కూడా పోతానని అనకూడదు, పోయొస్తానని చెప్పాలి. ఎవరైనా నోరు జారి చెడ్డమాట అంటే, ఆ మాట గడప దాటకముందే ఇంకొకరు మంచిమాట అనాలి. అలా ఎవరూ అనకపోతే ఆ మాట తిన్నగా వెళ్ళి తన పని తాను చూసుకుని వస్తుందని అవ్వ నమ్మకం. తెలుగులో ఈ ఏర్పాటుతో మాకు ఏ చిక్కూ లేదు. చిక్కంతా ఇంగ్లీషుతో వచ్చింది. చిన్నత్త పాత పుస్తకంలోని క్రియల్లో సగం పోయేవి, పడేవి, విరిగేవి, కాలేవి.

మంగళవారం పొద్దున నేను ‘గో, వెంట్, గాన్’ మొదలుపెట్టాను. అవ్వ ప్రతి మాటకూ అర్థం అడిగింది. చిన్నత్త ప్రతి మాటకూ నిజమే చెప్పింది. మధ్యాహ్నానికి ఇద్దరి గొంతులూ బొంగురుపోయాయి.

"ఇంగ్లీషులో సగం మాటలు నీకు పనికిరావమ్మా. మిగిలిన సగంతో ఇది సీటు ఎట్లా తెచ్చుకునేది?"

"ఆ సగమే అడగమని చెప్పు ఆయమ్మకి."

ఈ జవాబుకు చిన్నత్త తల పట్టుకుని అరుగు మీద కూర్చుంది. ఆమెను తప్పు పట్టలేం. శుక్రవారం దగ్గర పడుతోంది. తల్లి ఒప్పుకోవడం లేదు, పిల్లకు ఏమీ రావడం లేదు. ఆ అరుగు మీదే ఆమెకు ఒక ఉపాయం తోచింది. చెడ్డమాట వెనకాలే దానికి విరుగుడు మాట కూడా నా చేతే చెప్పిస్తానంది. పోవడం వెనక రావడం, చావడం వెనక బతకడం, విరగడం వెనక అతకడం, పోగొట్టుకోవడం వెనక దొరకడం. అవ్వ చాలాసేపు ఆలోచించింది. చివరికి, "నా ఎదురుగా చదవాల. రెండోది చెప్పకుండా మింగితే నాకు తెలిసిపోతాది," అని ఒప్పుకుంది.

దాంతో నా పని రెండింతలైంది. నాకు వచ్చిన విసుగు ఇప్పటికీ గుర్తుంది. బడిలో అడిగేది ఒకటి, ఇంట్లో చదవాల్సింది రెండు. పైగా అవ్వ చేటలో ఉలవలు ఏరుతూ ఎదురుగా కూర్చునేది. నేను ‘గో, వెంట్, గాన్’ దగ్గర ఊపిరి పీల్చుకోవడానికి ఆగినా ఏరుతున్న చెయ్యి ఆపి నావైపు చూసేది. నేను గబగబా ‘కమ్, కేమ్, కమ్’ అనేదాన్ని. చెయ్యి మళ్ళీ కదిలేది. గురువారం రాత్రికి అన్నీ నోటికి వచ్చాయి. కానీ ఒక మాట వెనక ఇంకో మాట అతుక్కునే వచ్చింది. వాటిని విడదీయడం నాకు సాధ్యం కాలేదు.

శుక్రవారం మారతహళ్ళి దాకా నడిచి బస్సు ఎక్కాం. పిలవకపోయినా అవ్వ కూడా బయలుదేరింది. పక్కింటి అక్కను తాతయ్య దగ్గర కూర్చోబెట్టి, "పసిదాన్ని ఆ మాటలతో ఒంటరిగా పంపేది లేదు," అంది. బడి చేరాక అవ్వ చెప్పులు విడిచి వరండాలో బల్ల మీద కూర్చుంది. చిన్నత్త, నేను లోపలికి వెళ్ళాం.

పెద్ద టీచరమ్మ నవ్వే మనిషి కాదు. నన్ను నిలబెట్టి, "గో," అంది.

"గో, వెంట్, గాన్, కమ్, కేమ్, కమ్."

"నేను ఒకటే అడిగాను," అంది ఆమె కన్నడంలో. "బ్రేక్."

"బ్రేక్, బ్రోక్, బ్రోకెన్, మెండ్, మెండెడ్, మెండెడ్."

ఆమె కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. బస్సులో ఒక టికెట్టు అడిగితే కండక్టరు రెండు చింపుతాడా అని అడిగింది. అడిగినంతే చెప్పాలి, ఇంకోసారి ఇలా చెబితే లేచి వెళ్ళొచ్చు అంది. ఆ తర్వాత ఆమె అడిగిన మాట డై.

నేను నోరు మూసుకున్నాను. రాక కాదు. ఒకటే చెప్పమంది, రెండోది చెప్పకూడదంది. ఇంట్లో మంచం మీద తాతయ్య ఉన్నాడు. ఆ మాట ఒక్కటే అని ఊరుకుంటే అది ఈ తలుపు దాటుతుంది, బస్సు అక్కర్లేకుండానే కుందలహళ్ళి చేరుతుంది. పదేళ్ళ పిల్లను, అలాగే అనుకున్నాను. సీటు పోతే పోయింది, ఆవులకు మేత వేసుకుంటూ బతుకుతాను అనుకున్నాను.

టీచరమ్మ చిన్నత్తతో వచ్చే ఏడు తీసుకురమ్మంది.

చిన్నత్త విసురుగా తలుపు దగ్గరికి వెళ్ళింది. వరండాలో ఉన్న తల్లి మీద నాలుగు రోజుల కోపమంతా ఒక్కసారిగా కుమ్మరించింది. "నీ శకునాలు, నీ విరుగుళ్ళు! డై అనమంటే నోరు తెరవటం లేదు చూడు. తెచ్చిన సీటు పాయె. ఇంక దీన్ని నీ కొట్టంలోనే కట్టేసుకో!"

అవ్వ బల్ల మీంచి లేచి గడప దాకా వచ్చింది, లోపలికి అడుగు పెట్టలేదు.

"పాపా, చెప్పు. ఆయమ్మ అడిగింది అడిగినట్టు ఒక్కటే చెప్పు. రెండోది నేను చూసుకుంటా. ఈడనే ఉండాను."

నేను చెప్పాను. "డై, డైడ్, డైడ్."

తలుపు దగ్గర నుంచి వెంటనే జవాబు వచ్చింది. "లివ్వు, లివ్వుడు, లివ్వుడు."

"హొరగె యారు?" అంది టీచరమ్మ ఉలిక్కిపడి, బయట ఎవరని.

"మా అవ్వ," అన్నాను.

టీచరమ్మ తలుపు వైపు చూసింది, నావైపు చూసింది. ఆ తర్వాత మెల్లగా కళ్ళజోడు పెట్టుకుని, "గో," అంది. నేను మూడూ చెప్పి ఆగాను. "కమ్ము, కేము, కమ్ము," అంది అవ్వ. ‘లూజ్’ అడిగితే నేను చెప్పి ఆగాను. "ఫైండు, ఫౌండు, ఫౌండు." చేట ముందు కూర్చుని ఉలవలు ఏరుతూ ఆమె ఎన్ని విన్నదో అప్పుడు తెలిసింది. తర్వాత టీచరమ్మ ‘ఈట్’ అడిగింది. నేను చెప్పాను. టీచరమ్మ జవాబు కోసం తలుపు వైపు చూస్తూ ఉండిపోయింది.

"దానికెందుకు?" అంది అవ్వ విసుగ్గా. "అన్నం తినేది మంచిమాటే కదప్పా!"

చివరగా డైతో ఒక వాక్యం చెప్పమంది. మా ఎద్దు ఒకటి ఆ వేసవిలో చచ్చిపోయింది. ఇంట్లో అందరూ అది మాకు దక్కలేదని చెప్పుకునేవాళ్ళం. నేను ఇంగ్లీషులో, మా ఎద్దు చచ్చిపోయింది అన్నాను. తెలుగులో మా ఇంట్లో ఎవరూ అనని వాక్యం అది. అవ్వకు అందులో ఒక మాటే తెలిసింది. "లివ్వుడు," అంది గట్టిగా. "లేదమ్మా, చచ్చిపోయిందట," అంది టీచరమ్మ. "పిల్ల సరిగ్గానే చెప్పింది." ఆ మాట అంటూనే రిజిస్టరు తెరిచి నా పేరు రాసింది. పరీక్షల రోజుల్లో అవ్వను మాత్రం ఇంట్లోనే ఉంచమని చిన్నత్తకు మరీ మరీ చెప్పింది.

తిరుగు బస్సులో చిన్నత్త, టీచరమ్మ ముందు పరువు తీశావు కదా అని గొణుగుతూనే ఉంది. అవ్వ చాలాసేపు ఓర్చుకుని, "సీటు వచ్చిందా, లేదా? మళ్ళీ ఏమి గలాటా?" అంది.

ఆ తర్వాత నేను చదువుకున్నాను, ఇంగ్లీషు టీచరునయ్యాను, ముప్పై ఏళ్ళు క్రియలే చెప్పాను. చిన్నత్త నేర్పినవి ఇప్పటికీ తప్పు పోవు. కానీ తరగతిలో ఒక పిల్ల నోరు తెరవకపోతే దానికి రాదని నేను ఎన్నడూ రాసుకోలేదు. మొదట అది ఎవరి కోసం భయపడుతోందో కనుక్కునేదాన్ని. అవ్వకు ఆ మాటలంటే భయం ఆ రోజూ పోలేదు, తర్వాతా పోలేదు. తన భయం తన దగ్గరే ఉంచుకుని నన్ను మాత్రం చెప్పమంది. నాకు ఆ గడపే గుర్తుంటుంది.

ఇప్పుడు మా అపార్ట్‌మెంటులో పిల్లలు నా దగ్గరికి వస్తారు. ఇంగ్లీషు క్రియ ఏది దొరికినా దాని తోకకు ‘చేయడం’ కట్టి ఇంట్లోకి తోలుకొస్తున్నారు. వెయిట్ చేస్తారు, థింక్ చేస్తారు, ఫర్గెట్ చేస్తారు. మొన్న పై అంతస్తు అమ్మాయి కొడుకును తెచ్చి, "ఆంటీ, వీడికి టెన్స్‌లు అస్సలు రావట్లేదు. కొంచెం హెల్ప్ చేయండి, నేను ఒక కాల్ అటెండ్ చేసి వచ్చేస్తా," అంది. ఫోను పక్కన పెట్టి గుమ్మం దగ్గరి కుర్చీలో కూర్చోమన్నాను. పిల్లవాడు ఆగినచోట ఆమెను అందుకోమన్నాను.

"నాకూ రావు ఆంటీ," అంది.

"అయితే విను," అన్నాను. ఎంత విసుగు తెప్పించినా ఏ తల్లినీ నేను ఇంతవరకూ పంపించెయ్యలేదు.

ఇక పోయినవి. తాతయ్య ఆ ఏడు కార్తీకంలో, ఒక గురువారం తెల్లవారుజామున చనిపోయాడు. నేను డై అన్నందుకు కాదు. అవ్వ లివ్ అన్నా ఆగలేదు. అవ్వ నేను తొమ్మిదో తరగతిలో ఉండగా చనిపోయింది. చిన్నత్త పోయిన ఏడాది చనిపోయింది. రాగిచేను అమ్మేశాం. అందులోని బావి పూడ్చేశారు. దండులో ఆ బడి కూల్చేశారు. మొత్తం ముగ్గురు మనుషులు, ఒక చేను, ఒక బావి, ఒక బడి. మొదటి మాట నేను చెప్పాను, రెండోది గడప దగ్గర ఎవరుంటే వాళ్ళు చూసుకోవాలి.