సైదులు ఏసీ, నా సిస్టం

నా చేతుల మీదుగా చెడిపోయిన పనులు చాలానే ఉన్నాయి. కొన్ని మా ఇంటి గడప దాటలేదు, కొన్ని మా వీధి దాటలేదు. కానీ ఒకే మధ్యాహ్నం నా పనినీ, నా తోడల్లుడి పనినీ, మా బామ్మర్ది పెళ్లి పనినీ మూడింటినీ కలిపి ముంచిన ఘనత మాత్రం నకిరేకల్ నుంచి రామన్నపేట దాకా ఉన్న మా చుట్టాలందరికీ తెలుసు. మీరు ఎవరి నోటనో విని నవ్వే బదులు నేనే చెప్పుకుంటే కాస్త మర్యాదగా ఉంటుందని రాస్తున్నాను. చివరికి మర్యాద మిగులుతుందన్న హామీ మాత్రం ఇవ్వలేను.

తెలంగాణ వచ్చిన కొత్తలో నకిరేకల్ బస్టాండు ఎదురుగా ఒక మడిగ కిరాయికి తీసుకుని డీటీపీ దుకాణం పెట్టాను. పెళ్లి కార్డులు, ఫ్లెక్సీలు కంప్యూటర్‌లో తయారుచేసి ప్రెస్సుకు పంపడం నా పని. హాయిగా సాగుతుండగా పక్క మడిగ ఖాళీ అయింది. అందులోకి ఎవరు దిగారనుకున్నారు? సైదులు! నా భార్య చెల్లెలి మొగుడు. దిగినవాడు ఏ చెప్పుల దుకాణమో పెట్టుకోవచ్చు కదా? లేదు, అదే డీటీపీ.

"పక్కపక్కన ఉంటే ఒకలకొకలం ఆసరా అయితం గదన్నా" అన్నాడు నవ్వుతూ.

ఆ నవ్వే నాకు గిట్టదు. పైగా అతను దుకాణానికి అద్దాల తలుపు పెట్టించాడు. దాని వెనక ఏసీ పెట్టించాడు. నకిరేకల్ ఎండల్లో ఏసీ పెట్టడమంటే పక్కవాడి పొట్ట కొట్టడమే. నా దగ్గరికి కార్డు కోసం వచ్చినవాళ్లు "జర చల్లగ కూసోనొస్తం" అని పక్కకు పోయి, కార్డు కూడా అక్కడే చేయించుకుని, బయటికి వచ్చేటప్పుడు నాకు చెయ్యి ఊపి పోయేవారు. సరే, వాళ్లు పరాయివాళ్లు. మా అత్తో? రామన్నపేట పక్క పల్లె నుంచి ఎప్పుడు వచ్చినా నా గుమ్మం ముందు చెప్పులు విడిచి, పోయి సైదులు దగ్గర కూర్చునేది. చెప్పులు నాకు, మనిషి అతనికి. మీరైతే ఓర్చుకుంటారా? నేను ఓర్చుకోలేదు. కుళ్లుకున్నాను. పొద్దున షట్టర్ ఎత్తిన దగ్గర్నుంచి సాయంత్రం దించేదాకా అదే పనిగా కుళ్లుకున్నాను.

అలాంటి సమయంలో మా బామ్మర్దికి పెళ్లి కుదిరింది. అత్త నేరుగా నా దగ్గరికే వచ్చి, గుమ్మం బయటే నిలబడి, "పెద్దల్లునివి నువ్వే. కార్డు నీ చేతులనే పడాలె బిడ్డా" అంది. చెప్పులు యథాప్రకారం నా గుమ్మం ముందు విడిచి, ఆ మాట చెప్పి పక్కకే పోయింది గానీ, నాకు ఆ మాట చాలు. పాత సిస్టం మూలకు తోసి కొత్తది తెచ్చాను. సైదులు చూడటానికి వచ్చాడు.

"అబ్బ, మస్తున్నదన్నా! నా దాని కన్న ఇదే ఫాస్టున్నది" అని సీపీయూ డబ్బాను బర్రెదూడను నిమిరినట్టు నిమిరాడు.

అతని చెయ్యి దాని మీద పడగానే నా గుండె జల్లుమంది. దిష్టి! ఆ సాయంత్రమే ఊరికి పోయి మా బాపు నల్ల గొంగడి తెచ్చాను. మాది గొర్లు కాసే ఇల్లు. మా ఇంట్లో బిడ్డ పుడితే మొదట నల్ల గొంగడి మీదే పడుకోబెడతారు, నల్ల ఉన్ని ఉన్న చోట దిష్టి నిలవదని మా అవ్వ నమ్మకం. బిడ్డకు పనికొచ్చింది కంప్యూటర్‌కు పనికిరాదా? డబ్బాను ముందూ వెనకా, పైనా పక్కలా నాలుగు మడతలతో చుట్టేసి, ఆన్ చేసే బటన్ కోసం మాత్రం చిన్న సందు వదిలాను. నెల ఏదని అడగకండి. అడిగారు కాబట్టి చెబుతున్నాను, మే నెల.

కార్డు పని చివరి రోజు వచ్చింది. సాయంత్రం ప్రెస్సు మూసేలోపు డిజైన్ అందాలి. అందకపోతే వాళ్లు వేరే పని ఎత్తుకుంటారు, సోమవారానికి కార్డులు రావు. సోమవారం పానగల్ గుడిలో శివుడి ముందు మొదటి కార్డు పెడతానని అత్త మొక్కుకుంది. నేను ఉత్సాహంగా కూర్చున్నాను. వినాయకుడు కుదిరాడు, కలశం కుదిరింది. కింద ఆహ్వానించేవారి పేర్లలో నాది పెద్ద అల్లుడి హోదాలో ఎర్ర రంగులో, లావుపాటి అక్షరాల్లో పెట్టాను. సైదులు పేరు కూడా పెట్టాను. అన్యాయం చేయలేదు. కాకపోతే అది చదవాలంటే కాస్త మంచి కళ్లు కావాలి.

ఆ ముచ్చట చూసుకుంటుండగా టప్పుమని స్క్రీన్ నల్లబడింది.

గోడ అవతల నుంచి సైదులు వచ్చాడు. "ఏమైందన్నా, గట్టిగ తిట్టినవు?"

"ఏం కాలే. కరెంటు పోయింది."

"నాకున్నది గదా?"

"నీకెప్పుడూ ఉంటది" అన్నాను.

అతను ఆ మాట పట్టించుకోకుండా కింద కూర్చున్నాడు. ప్లగ్గు పీకి మళ్లీ పెట్టాడు. ఎక్స్‌టెన్షన్ బోర్డు మార్చాడు. తన దుకాణంలోంచి మంచి పవర్ కేబుల్ తెచ్చి పెట్టాడు. ఈ లోపల చాలాసేపు గడిచింది. బటన్ నొక్కితే సిస్టం ముద్దుగా లేచింది. అతను అటు పోయాడు, నేను పని మొదలుపెట్టాను. కాసేపటికి మళ్లీ టప్.

మళ్లీ వచ్చాడు, మళ్లీ వెతికాడు, మళ్లీ లేచింది. పోయాడు, పడుకుంది. నాకు విషయం అర్థమైంది. మా అత్తలాగే నా సిస్టంకు కూడా అతనే నచ్చాడు.

"అన్నా, గా గొంగడి జర తీస్తె లోపల సూద్దం" అన్నాడు మూడోసారి.

"గొంగడి మీద చెయ్యెయ్యకు!"

"ఎందుకే?"

"మా బాపుది. సెంటిమెంటు."

లోపల ఏమేం వేయించానో చూసి అలాంటిదే కొందామని ఎత్తు, నాకు తెలియదనుకున్నాడు! అతను పోగానే దిష్టి ఇంకా గట్టిగా తగిలిందని గొంగడిని ఇంకో మడత బిగించాను. సిస్టం ఈసారి అంతకుముందు కంటే తొందరగా పడుకుంది. నేను ఇంకా బిగించాను.

చివరికి సైదులు తన యూపీఎస్‌నే మోసుకొచ్చాడు. "నీ కార్డు అర్జెంటు గదన్నా. ఇది పెట్టుకో. కరెంటు గుంజుకపోయినా కొంచెంసేపు ఇది ఆపుతది. నాకు లైను బాగనే ఉన్నది."

పెట్టాం. యూపీఎస్ మీద పచ్చలైటు చక్కగా వెలుగుతుండగానే సిస్టం టప్. ఇంత జరిగాక బుద్ధి ఉన్నవాడు ఎవడైనా కరెంటును వదిలేసి డబ్బా వైపు చూస్తాడు. నేను గోడ వైపు చూశాను. గోడ అవతల ఏసీ గుర్రుమంటోంది. దొరికాడు దొంగ! మా రెండు మడిగలకూ లైను ఒకటే. ఆ ఏసీ నా కరెంటును తాగేస్తోంది, నా సిస్టం నోట్లో చుక్క కూడా పడటం లేదు. యూపీఎస్ ఉన్నాక ఏసీ ఎంత తాగినా నాకు ఫరక్ పడదని తెలుసు. డీటీపీ నడుపుతున్నవాణ్ణి, ఆ మాత్రం తెలియదా? కానీ కడుపు మండుతున్నప్పుడు తెలిసినవన్నీ ఎటో పోతాయి.

మీటర్లు మెట్ల కింద ఉంటాయి. అటూ ఇటూ చూసి, నడుము వంచి వెళ్లి, సైదులు మెయిన్ స్విచ్ కిందికి దించేశాను.

ఏసీ ఆగింది. లోపల నుంచి "అయ్యయ్యో!" అని కేక వినిపించింది. ఆ కేక ఎంత కమ్మగా ఉందంటే, దాన్ని ఇంకోసారి వినాలనిపించింది. ఏమీ తెలియనట్టు వచ్చి నా కుర్చీలో కూర్చున్నాను. సైదులు చెమట తుడుచుకుంటూ వచ్చాడు. ముఖంలో ఆ నవ్వు లేదు.

"మొత్తం పోయిందన్నా."

"ఏం పోయింది?"

"కార్డు. మనోని పెళ్లి కార్డు. నీ సిస్టం సతాయిస్తాంది గదా, సోమారం కార్డు లేకపోతె అత్త మనసు కష్టపెట్టుకుంటదని అప్పటిసంది నేనొకటి చేసి పెడుతున్న. మొత్తం అయింది. మీదికెల్లి నీ పేరు కూడ పెట్టిన. సేవ్ చేద్దామనుకునేసరికి గింతల కరెంటు పోయింది."

"అంతసేపు సేవ్ చెయ్యకుంట ఎట్లున్నవు?" అన్నాను.

"యూపీఎస్ ఉన్నదిలే అన్న ధీమ. గది నీకిచ్చిన సంగతే యాది లేకపాయె."

నేను యూపీఎస్ వైపు చూశాను. దాని పచ్చలైటు నన్నే చూస్తోంది. అప్పుడు నాకు కలిగిన సిగ్గు ఇప్పుడు రాస్తుంటే కూడా కలుగుతోంది. అతని కార్డు పోయింది, నాది నిలవని సిస్టంలో ఇరుక్కుంది, ప్రెస్సు మూసే వేళ దగ్గరపడుతోంది.

సరిగ్గా అప్పుడే అత్త వచ్చింది. చెప్పులు విడిచింది, అలవాటుగా అద్దాల తలుపు దాకా పోయింది, లోపల ఉక్కపోతకు వెనక్కి తిరిగి మొట్టమొదటిసారి నా దుకాణంలో అడుగుపెట్టింది. నేను అన్నీ మరిచిపోయాను. "కూసో అత్తా, కూసో" అని నా తిరిగే కుర్చీ జరిపాను.

"వద్దు బిడ్డా, అది తిర్గుతది. నేల మీదనే కూసుంట."

మా ఇళ్లల్లో పెద్దవాళ్లు వస్తే గొంగడి పరిచి కూర్చోబెట్టడం మర్యాద. సంబరంలో డబ్బా మీది గొంగడిని సర్రున లాగి, నేల మీద పరిచాను. అత్త కూర్చుంది. కూర్చున్నంత వేగంగానూ లేచింది.

"ఓరి నాయనో! పెనం మీద కూసోవెడితివేంది!"

గొంగడిని తడిమి చూసింది, తర్వాత డబ్బా మీద చెయ్యి పెట్టి గభాలున తీసేసింది. "దీనికి జొరమొచ్చినట్టు కాలుతాంది. దీని మీద కప్పినవా గొంగడి?"

"దిష్టి తగలొద్దని..."

"గొర్లు కాసే ఇంట్ల పుట్టినవు గదా? ఎండకాలమొస్తె గొర్లకున్న బొచ్చే కత్తిరిస్తం. నువ్వేమొ దీనికి లేని బొచ్చు తొడిగినవా!"

సైదులు నవ్వు ఆపుకోలేక కండువా నోట్లో కుక్కుకున్నాడు. గొంగడి తీసిన డబ్బా ముందు టేబుల్ ఫ్యాన్ పెట్టాడు. కాసేపాగి బటన్ నొక్కితే సిస్టం లేచింది, మళ్లీ పడుకోలేదు. నేను మధ్యమధ్యలో సేవ్ చేసి ఉండటంతో నా కార్డు స్క్రీన్ మీదికి వచ్చింది. అత్త కళ్లు చికిలించి చూసి, "పూలు మంచిగున్నయి. గీ కింద చీమలు పాకుతున్నయేంది?" అంది.

ఆ చీమలు సైదులు పేరు. అతను వంగి చదువుకున్నాడు. తర్వాత, "నా పేరు జర సిగ్గుపడ్డట్టున్నదన్నా" అన్నాడు.

అతను తిట్టినా బాగుండేది. నేను అతని పేరును నా పేరంత పెద్దది చేశాను, అదే ఎరుపు వేశాను. అంచుల పని అతను పక్కన కూర్చుని చేయించాడు. ప్రెస్సువాడు షట్టర్ దించుతుండగా డిజైన్ అందింది.

అది పంపాక సైదులు లేచి, "నా కరెంటేమైందో సూస్త" అన్నాడు.

"నువ్వు కూసో, నేను చూస్త" అని నేనే ఉరికాను. మెట్ల కిందికి పోయి స్విచ్ ఎత్తి వచ్చాను. ఏసీ మోగింది.

"గంత జల్ది ఎట్ల రిపేర్ చేసినవన్నా!" అన్నాడు సైదులు, మనస్ఫూర్తిగా.

అత్త కొంగుతో విసురుకుంటూ, "చేస్తడు బిడ్డా, ఎందుకు చెయ్యడు? దించింది ఆయనే నాయె. బస్సు దిగుతాంటె చూస్తనే ఉన్న" అంది.

పెళ్లిలో పందిట్లో వడ్డన పూర్తయ్యేలోపు ఆ కథ చివరి పంక్తి దాకా చేరింది. ఆ రోజే అదే గొంగడి మీద చెయ్యి పెట్టి ఒట్టు వేశాను: నా ఊపిరి ఉన్నంతవరకు ఏ కంప్యూటర్‌కూ గొంగడి కప్పను, పరాయి మెయిన్ స్విచ్ ముట్టను. కుళ్లుకోనని మాత్రం ఒట్టు వేయలేదు. చేయగలిగినదానికే ఒట్టు వేయాలి కదా.

మొన్న సైదులు కొత్త సిస్టం కొన్నాడు. నా దాని కంటే ఫాస్టు. "దీనికి దిష్టి తగలకుంట ఏమన్న చెప్పరాదె అన్నా" అన్నాడు. కప్పనని ఒట్టు వేశాను గానీ, కప్పమని చెప్పనని వేయలేదు కదా అని నోరు తెరిచాను. ఏసీ కింద కూర్చున్న అత్త నా వైపు చూసింది. నోరు మూసుకున్నాను. అందుకని ఇప్పుడు మీ అందరి సాక్షిగా ఆ ఒట్టుకు ఇంకో మాట కలుపుతున్నాను: గొంగడి కప్పమని ఎవరికీ సలహా కూడా ఇవ్వను. అత్త చూస్తుండగా అసలే ఇవ్వను.