నీలకంఠం బయాస్ పెట్టిన రోజు

నీలకంఠం చేసిచ్చిన ఆంప్లిఫయర్‌ను గాలాడని అద్దాల షోకేసులో ఇరికించి, పైన అల్లిక గుడ్డ కప్పినవాడు భీమశంకరరావు. అది కాలిపోయాక, "వాడికి పని రాదు" అని మద్దిలపాలెమంతా చెప్పుకొచ్చినవాడూ ఆయనే. పోర్టులో ఆఫీసరుగా చేసి రిటైరైన మనిషి మాట, నమ్మకేం చేస్తారు? నీలకంఠం రిపేరు కొట్టు మూతపడింది. అచ్యుతాపురం ఫ్యాక్టరీ బస్సెక్కాడు.

ఈ సంగతి తలుచుకుంటే అతనికన్నా బావమరిది గోపికే ఎక్కువ మండేది.

కొన్నాళ్లకు భీమశంకరరావు కొత్త ఆంప్లిఫయర్ గరగరలాడింది. ఎవరూ బాగుచెయ్యలేకపోతే, ఆయన గోపి చేత కబురు పెట్టాడు.

"వొత్తాను," అన్నాడు నీలకంఠం. "పని బాగుంటే ఆ మాట నలుగురిలో ఆయనే సెప్పాల."

ఆయన సరేనన్నాడు. ఆదివారం బావాబామ్మర్దులిద్దరూ వెళ్లారు. నీలకంఠం మూత తీసి, మీటరు తగిలించి, ముందు సీలింగ్ ఫ్యాను ఆపించాడు. పాట లేనప్పుడూ ట్రాన్సిస్టర్లలో సన్నగా కరెంటు పారుతుండాలి. అదే బయాస్. లోపలి చిన్న మర తిప్పి దాన్ని సరిచెయ్యాలి. తక్కువైతే గరగర, ఎక్కువైతే కాలిపోతాయి. చల్లగా ఉన్నప్పుడు సరిచేస్తే వేడెక్కాక అదుపు తప్పుతుంది.

భీమశంకరరావుకు చెమటలు పడుతున్నాయి. "మర తిప్పడానికి ఇంత తతంగమేంటయ్యా?"

"ఏడెక్కాలి సార్."

గోపి కూర్చోలేక బాల్కనీలోకీ లోపలికీ తిరుగుతున్నాడు. ఇంతలో భీమశంకరరావు ఫోను పట్టుకుని పక్కగదిలోకి పోయాడు. మాటలు ఇవతలికి వినపడుతూనే ఉన్నాయి.

"ఆఁ, ఆ పాతవాడినే పిలిచాను. వాడికేం తెలుసు? దగ్గర నిలబడి నేనే చేయిస్తున్నాను."

నీలకంఠం స్క్రూడ్రైవరు మర మీద ఆగిపోయింది. గోపి వంగి చెవిలో అన్నాడు: "ఇన్నావా బావా? కాసింత ఎక్కువ తిప్పీ. మనం ఎల్లిపోయాక అదే కాల్తాది. ఎవడికి తెలుస్తాది?"

మర కదిలింది. మీటర్లో అంకె పెరిగింది. ఇంకా పెరిగింది. నీలకంఠం అంకెను చూస్తూ కాసేపు ఉండిపోయాడు. తర్వాత మరను మెల్లగా వెనక్కి తెచ్చాడు. ఆగి మళ్లీ కొలిచి, మూత వేసి బిగించాడు.

పాట నీళ్లలా తేటగా వచ్చింది.

"చూశావా, దగ్గరుంటే ఎలా కుదిరిందో!" అన్నాడు పక్కగదిలోంచి వచ్చిన భీమశంకరరావు.

"షోకేసులో మాత్రం పెట్టకండి సార్," అని సంచి సర్దుకున్నాడు నీలకంఠం. ఇచ్చిన మాట ఆయనా ఎత్తలేదు, ఇతనూ అడగలేదు. దారి పొడుగునా గోపి తిడుతూనే ఉన్నాడు, కొంత ఆయన్ని, కొంత బావని.

తర్వాత గోపికి పారాదీప్‌లో పని దొరికింది. రైలెక్కించడానికి వచ్చిన బావని వదల్లేదు.

"ఆ రోజు తిప్పి మళ్లీ ఎందుకు తగ్గించీసినావ్ బావా? భయవేసిందేటి?"

"కాల్చీద్దామనే తిప్పాన్రా," అన్నాడు నీలకంఠం. "ఓసారి అలా కాల్చీసినోడు, ఇంకోలింట్లో ఆ మర ముట్టుకోగల్డేటి? అచ్యుతాపురంలో ఓ టీచరమ్మ ఆంప్లిఫయర్ సూడ్డానికి రమ్మంది. రేపు ఎల్తన్నాను."