గేటు దాటిన ఫియట్

కంచరపాలెంలో మా కార్లు చూసే మేస్త్రీ గారు ఈ నెల మొదట్లో పోయారు. "అక్కా, నాన్న ఎల్లిపోనారు" అని ఆయన కూతురు ఫోన్లో చెప్పింది.

పదిహేనేళ్ల కిందట మా నాన్నగారు పోయాక ఆయన ఫియట్ మా ఇంటికి వచ్చింది. అప్పటికే పోర్టికోలో మా మామగారి అంబాసిడర్ ఉంది. రెండింటికీ చోటు లేదు, ఒకటి పంపేద్దామన్నారు మావారు. నాన్నగారి కారు ఉండాలని నా ఆశ. ఆశ అని చెబితే ఎవరూ వినరని, పుస్తకం తీసి, పేజీ మధ్యలో గీత కొట్టి, రెండింటి గుణాలూ రాయడం మొదలుపెట్టాను.

మేస్త్రీ గారు ఓపికగా సాయం చేశారు. ఆరుగురిని పోగేసి, వాళ్ళనే ఒకసారి ఈ కారులో, ఒకసారి ఆ కారులో ఎక్కించి సింహాచలం కొండ మీదకి నడిపారు. నేను నిమిషాలు రాసుకున్నాను. ఇద్దరితో చురుగ్గా పోయే ఫియట్ ఆరుగురితో రొప్పింది. అంబాసిడర్‌కి బరువున్నట్టే తెలియలేదు. దాని డిక్కీలో బియ్యం బస్తాలు కూడా పట్టాయి. మైలేజీలోనూ, సందుల్లో తిరగడంలోనూ ఫియట్‌ది పైచేయి. అయినా పేజీ నిండేసరికి అంబాసిడరే గెలిచింది. పుస్తకం మూసేశాను.

పొడవాటి స్క్రూడ్రైవర్ కొసని ఇంజిన్‌కి ఆనించి, చెక్క పిడిని చెవికి పెట్టుకుని, కళ్ళు మూసుకుని వినడం మేస్త్రీ గారి అలవాటు. ఆ రోజు అలా విని లేచి, నా పుస్తకం అడిగి చదివారు.

"ఇంత రాసినావు గానీ తల్లీ, నడిపేదెవులో రాయనేదు."

మావారు నవ్వారు. "నేనే కదా మేస్త్రీ!"

"నువ్వు రోజూ డ్యూటీకి స్టీలు ప్లాంటు బస్సులో ఎల్తావు బాబూ. వారానికోపాలి తుడిసి కవరు కప్పుతావు. గేటు దాటని బండికి మైలేజీ ఏటి?"

"అయితే మా నాన్న అంబాసిడర్ పంపేసి మావగారి ఫియట్ ఉంచుకోమంటావేటి?" అన్నారు మావారు.

"అమ్మాయి నడిపితే ఉంచు. స్టీరింగు తేలిక, బండి సిన్నది. నాను నేర్పుతాను."

అలా నేర్చుకున్నాను. నేర్చుకునే రోజుల్లో ఒకసారి రైల్వే గేటు దగ్గర బండి ఆగిపోయింది. వెనుక ఒకటే హారన్లు. ఏడుపొచ్చి దిగిపోబోయాను.

"ఆగిన బండి మళ్ళీ స్టార్టవుద్ది తల్లీ. దిగిపోయిన మనిసి మరెక్కదు" అన్నారు పక్క సీట్లోంచి మేస్త్రీ గారు. కిటికీలోంచి తల బయటపెట్టి, వెనుక ఆటో అతన్ని కేకేశారు: "మీ అమ్మ నేర్సుకుంటే ఇలాగే హారన్ కొడతావేటిరా?"

అంబాసిడర్ సబ్బవరంలో మా మరిది దగ్గరికి వెళ్ళింది. పొలం నుంచి మూటలు మోస్తూ, పాపం, అక్కడ దానికి మళ్ళీ పని దొరికింది. మావారు వారం రోజులు ముక్తసరిగా మాట్లాడారు. ఆ తర్వాత పూర్ణా మార్కెట్‌కి నా పక్క సీట్లో కూర్చుని వచ్చారు, దారంతా లేని బ్రేకు తొక్కుతూ.

మేస్త్రీ గారి పదో రోజుకి ఫియట్‌లోనే వెళ్ళాను. షెడ్డులో ఆయన కూతురు ఆ స్క్రూడ్రైవర్ తెచ్చి నా చేతిలో పెట్టింది. బొటనవేలు పడే చోట పిడి అరిగి గుంటపడింది. బయటికి వచ్చి ఫియట్ స్టార్ట్ చేసి, బానెట్ ఎత్తాను. కొసని ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, కళ్ళు మూసుకున్నాను. బాగుందో లేదో చెప్పడం నాకు రాదు. లోపల టకటకమని ఏదో కొట్టుకుంటోంది. అలాగే వంగి వింటూ ఉండిపోయాను.