హెలెన్ తుపాను, టీజీ లారీ

తెలంగాణ కోసం బండ్ల నంబరు పలకల మీద ఏపీ చెరిపి టీజీ రాసుకుంటున్న రోజులవి. మా బాపు కూడా తన లారీకి ఎర్రరంగుతో టీజీ రాయించాడు. ఆ లారీలోనే సిరిసిల్లలో బట్ట లోడు వేసుకుని మచిలీపట్నం బయల్దేరాడు. అటు ఎవరైనా గొడవకు వస్తారని అమ్మ వద్దంది. బాపు పలక మీద ఇంత మట్టి మెత్తి, "ఇగ కనవడదు గదా" అన్నాడు. మొండిఘటం.

మరునాడు హెలెన్ తుపాను మచిలీపట్నం దగ్గరే తీరం దాటుతోందని టీవీలో చెప్పారు. బాపు ఫోను కలవలేదు. అమ్మా నేనూ మా కోరుట్ల బస్టాండు ఎదురుగా ఉన్న నెట్ సెంటర్‌కు పరుగెత్తాం. హెలెన్ అని కొట్టగానే ఫొటోలు వచ్చాయి. ఒకదాంట్లో నీళ్లలో బోర్లాపడ్డ లారీ. నీలం క్యాబిన్. మాదీ నీలమే. నంబరు కనిపించలేదు. అమ్మ కుర్చీ పట్టుకుని అట్లాగే నిలబడిపోయింది.

మస్కట్‌లో పనిచేసే అన్నకు ఫోన్ చేసి ఏడ్చాను. ఫొటో పంపమన్నాడు. పంపాక కాసేపటికి వాడే మళ్లీ చేశాడు.

"అది మనకాడ కాదే. ఎనుక దుకాణం బోర్డు నా రూమ్‌ల ఉండే ఫిలిప్పీన్స్ ఆయన చదివిండు. ఆళ్ల దేశందట. పోయినేడు ఆడ అచ్చిన తుపానుకు గూడ హెలెన్ అనే పెట్టుకున్నరట."

"రెండిటికి ఒక్క పేరెట్ల పెడ్తర్రా?" అంది అమ్మ.

"సముద్రాలు వేరే గదమ్మ. ఎవల పేర్లు ఆళ్లయి."

పేర్లకు అంత కరువొచ్చిందా అని నాకు ఒళ్లు మండింది. ఆ లారీ కోసం కూడా ఎవరో ఏడ్చి ఉంటారన్న ఆలోచన చాలా ఏళ్ల తర్వాత గానీ రాలేదు. ఆ పూట నాకు మా లారీ ఎక్కడుందన్న భయం ఒక్కటే.

పొద్దుగూకే వేళ తెలియని నంబరు నుంచి బాపు మాట్లాడాడు.

"మంచిగనే ఉన్న బిడ్డా. లారీ ఆపి ఓ ఇంటి అరుగు మీద నిలవడ్డ. వానకు మట్టంత కడుక్కపోయి టీజీ సాఫ్‌గ కనవడ్డది. ఇంటాయన చూసిండు."

"చూసి?"

"లోపటికి పిలిచి అన్నం పెట్టిండు. గీ ఫోన్ ఆళ్లదే."

అమ్మ నా చేతిలోంచి ఫోను గుంజుకుంది. పొద్దుటి నుంచి కంట తడి పెట్టని మనిషి, "ఏం కూర పెట్టిండ్రు?" అని అడిగి, జవాబు వినకుండానే బోరుమంది.